కాజాలక్క మింగని చేపనూనె

కాజా అంటే చొక్కాకు కొట్టిన బొక్క అనుకునేవాళ్ళతో కాజాలక్క మాట్లాడేది కాదు. బొక్క ఎలుకైనా కొడుతుంది. కాజా అలా కాదు. గుడ్డను కత్తెర కొనతో కోసి, కోత అంచు వెంట ఒక లావుదారం పరిచి, దాన్ని కప్పుతూ పట్టుదారంతో కుట్టుకొక ముడి చొప్పున వేసుకుంటూ చుట్టూ తిరిగి రావాలి. ముడులన్నీ బుద్ధిమంతుల్లా ఒకదాని పక్కన ఒకటి కూర్చోవాలి.

"మంచి గుండీ మంచి కోడల్లాంటిది. లోపలికి రావడానికి కాస్త బెట్టు చేస్తుంది, వచ్చాక ఇల్లు వదలదు" అని ఆవిడ కోడలు వినేలా అనేది.

"మరి కాజా అత్తగారన్నమాట. అందుకే అంత ఇరుకు" అనేది కోడలు.

ఆ ఇంట్లో రోజూ ఇదే సంత. కొడుకు బస్సు నడుపుతాడు. దారిపొడుగునా హారను కొట్టి అలిసిపోతాడేమో, ఇంటికొస్తే నోరు విప్పడు. అతని వంతు మాటలు కూడా ఈ ఇద్దరే పంచుకున్నారు.

కాజాలక్క పనిచేసే షాపు సొంత తమ్ముడిదే. గడియారాలు బాగుచేసే కొట్టు పైన మేడమీది గది. తమ్ముడు కత్తిరిస్తాడు, మిషన్ల మీద ఇద్దరు కుడతారు, గోడవార ఇస్త్రీ అతను నిలబడి ఆవిరిలో చెమటలు కక్కుతాడు. గదికంతటికీ ఒక్కటే కిటికీ. ఆ కిటికీ పక్కన స్టూలు కాజాలక్కది. తండ్రి షాపు నడిపిన రోజుల్లో, తమ్ముడికి మీసాలు రాకముందు నుంచీ ఆవిడదే. అది వారసత్వపు హక్కు అన్నట్టు కూర్చునేది. వేలికి ఇనుప టోపీ తొడుక్కుని, దారాన్ని తేనెమైనం ముద్ద మీద లాగి, తల ముందుకు వంచిందంటే ఇక పిడుగు పడినా లేవదు. నోరు మాత్రం లేస్తూనే ఉండేది. బేరాలాడడానికి వచ్చినవాళ్ళు ముందు తమ్ముడి మొహం కాదు, ఆవిడ నోరు చూసుకుని మెట్లెక్కేవాళ్ళు. తనకంటే పెద్దవాళ్ళు కూడా ఆవిడని అక్కా అనే పిలిచేవాళ్ళు.

అలాంటి చేతులు వాచాయి.

మొదట్లో పొద్దున లేవగానే వేళ్ళు కొయ్యబారేవి. గుప్పిట మూయబోతే సగంలోనే ఆగిపోయేది. తర్వాత కణుపులు ఎర్రబడి, ముట్టుకుంటే వేడిగా ఉండేవి. కాజాలక్క ఎవరికీ చెప్పలేదు. షాపుకు రాగానే టీ గ్లాసును రెండు చేతులా పట్టుకుని, తాగకుండా, చల్లారేదాకా అలాగే కూర్చునేది.

"ఏంటక్కా, టీని పొదుగుతున్నావా?" అన్నాడు ఇస్త్రీ అతను.

"నీ బుర్రనైతే పొదిగేదాన్నే. లోపలేమీ లేని గుడ్డు పొదిగి ఏం లాభం?"

అతను నవ్వాడు. తమ్ముడు నవ్వలేదు. ఆవిడ చేతులకేసి చూసి, చూపు కొలతటేపు మీదకు తిప్పుకున్నాడు.

కొన్నాళ్ళకు తమ్ముడు ఒక కాజాల మిషను మోయించుకొచ్చి మూలన పెట్టించాడు. దానిమీద ఒక పాత దుప్పటి కప్పాడు.

"ఎందుకురా ఇది?"

"ఊరికేనక్కా. ఎవరో షాపు ఎత్తేస్తుంటే తెచ్చాను. ఉండనీ."

ఊరికే ఉండడానికి అదేమైనా చుట్టపుచూపుగా వచ్చిందా? కాజాలక్క దానికి 'ముసుగు దొరసాని' అని పేరు పెట్టింది. అటు చూసినప్పుడల్లా మూతి మూడు వంకర్లు తిప్పేది. కానీ గుండెలో రాయి పడింది. చేతిలోంచి కాజా జారితే స్టూలు పోతుంది. స్టూలు పోతే కిటికీ పోతుంది, మెట్లెక్కి వచ్చేవాళ్ళు పోతారు, తిట్టడానికి ఇస్త్రీ అతను పోతాడు. ఇంట్లో కూర్చుని ఏం చేయాలి? వంట చేయవచ్చు. ఆవిడ వంట సంగతి ఆవిడ ఒప్పుకోదు గానీ తిన్నవాళ్ళందరికీ తెలుసు.

దొంగతనం కోడలే పట్టుకుంది. ఒకరోజు కాజాలక్క సీసా మూత తిప్పలేక, దాన్ని తలుపు సందులో ఇరికించి సీసాను తిప్పుతోంది.

"అత్తయ్యా, ఆ తలుపుకేం జబ్బు? మూతలు తినిపిస్తున్నారు?"

"మూత బిగుసుకుంది."

"మూతా, వేళ్ళా? ఏదీ, చూపించండి."

కోడలు మందుల షాపులో కౌంటరు దగ్గర పనిచేస్తుంది. రోజంతా జబ్బులు దాచుకునేవాళ్ళనే చూస్తుంది కాబట్టి ఆ పిల్ల ముందు ఆవిడ బుకాయింపులు సాగలేదు. రెక్క పట్టుకుని డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది.

డాక్టరు ఒక్కో వేలూ వంచి చూశాడు. రక్తం తీయించాడు. కాగితాలు వచ్చాక మళ్ళీ పిలిచి కూర్చోబెట్టాడు.

"కీళ్ళలో వాపమ్మా. భయపడాల్సిందేమీ కనబడలేదు. పొద్దున్నే వేన్నీళ్ళలో చేతులు ఉంచి, ఈ మెత్తటి బంతి పిసకండి. దీంతోపాటు కొన్నాళ్ళు చేపనూనె క్యాప్సూళ్ళు వాడి చూద్దాం. చేప కొవ్వులో ఒక రకం యాసిడ్లుంటాయి. అవి వాపును నెమ్మదిగా తగ్గించే వీలుంది."

"యాసిడ్డా? నా ఒంట్లోకా?"

"బ్యాటరీలో పోసేది కాదమ్మా, కొవ్వులో ఉండేది. మనం తినే నూనెలన్నిటిలోనూ ఏదో ఒక రకం ఉంటుంది. అయితే ఇది అందరికీ పనిచేస్తుందని నేను చెప్పను. పనిచేసినా రెండు మూడు నెలలు పడుతుంది. వారంలో వేళ్ళు విచ్చుకుంటాయని ఎవరైనా చెప్తే నమ్మకండి. అప్పటికీ తగ్గకపోతే గట్టి మందు మొదలుపెడదాం. రక్తం పలచబడే మాత్రలేమైనా వాడుతున్నారా?"

"మా అత్తయ్య ఏ మాత్రా వాడరండీ. జ్వరమొచ్చినా కషాయమే" అంది కోడలు, అదేదో పతకం వచ్చినట్టు.

కాజాలక్క గొంతు సవరించుకుంది. ఏమీ అనలేదు. ఆవిడ ఏమీ అనలేదంటే అక్కడేదో ఉందని ఎవరైనా కనిపెట్టాల్సింది.

ఉన్నదేమిటంటే, ఆవిడకు మాత్ర మింగడం రాదు. చిన్నప్పుడు ఒక బిళ్ళ గొంతులో అడ్డం పడి, కళ్ళు తేలేసి, వీపు మీద ఎవరో గుద్దితే గానీ బయటికి రాలేదు. అప్పటినుంచీ మాత్ర నాలుక మీద పెట్టగానే గొంతు తలుపేసుకుంటుంది. తల్లి బతికున్నన్నాళ్ళూ పొడి చేసి పంచదారలో కలిపి ఇచ్చేది. తర్వాత మొగుడు గ్లాసు అడుగుతో నూరి ఇచ్చేవాడు, ఎవరికీ చెప్పేవాడు కాదు, మంచివాడు. ఆయన పోయాక ఆ రహస్యానికి తోడు లేకుండా పోయింది. బజారునంతా నోటితో గెలిచిన మనిషి చిక్కుడుగింజంత బిళ్ళకు భయపడుతుందని ఎవరికైనా ఎలా చెప్పడం?

పొద్దున్నే కోడలు క్యాప్సూలు, నీళ్ళగ్లాసు ఇచ్చేది. కాజాలక్క దాన్ని నోట్లో వేసుకుని, తల వెనక్కి వాల్చి, గటగటా నీళ్ళు తాగి, "అయిపోయింది పో" అనేది. బిళ్ళ బుగ్గలోనే ఉండేది. కోడలు అటు తిరగగానే రుమాల్లోకి చేరేది.

పారేయడానికి మనసొప్పేది కాదు. చూడ్డానికి ఎంత బాగుందో. కిటికీ దగ్గర పట్టుకుంటే తేనెరంగు వెలుతురు. ఆవిడ స్టూలు మీద కూర్చుని దాన్ని అటూ ఇటూ తిప్పి ఆలోచించింది. నూనె కదా ఇది? కుట్టుమిషను బిగుసుకుంటే నూనె ఎక్కడ వేస్తాం? కదిలే చోటే వేస్తాం. దారం కండెలో పోసి, అది అన్ని చక్రాలకూ తిరిగొస్తుందని కూర్చుంటామా? డాక్టరు చదువుకున్నవాడే గానీ ఎన్నడైనా మిషనుకు నూనె పెట్టాడా?

సూది తీసి పొడిచింది. వచ్చిన చుక్కను కణుపులకు రాసి రుద్దింది. చల్లగా, జారుగా ఉంది. హాయిగా అనిపించింది కూడా. ఎవరి చేతులు వాళ్ళు ప్రేమగా రుద్దుకుంటే హాయిగానే ఉంటుంది మరి.

అప్పటినుంచి అదే వైద్యం. ఖాళీ తొక్కల్ని గుండీల డబ్బాలో దాచేది. షాపులో మాత్రం ఏదో మొదలైంది.

"ఎవరో చేపలు తెచ్చారు" అన్నాడు తమ్ముడు ఒకరోజు ముక్కు ఎగబీలుస్తూ.

"నేను కాదు, నాది రొట్టె" అన్నాడు ఇస్త్రీ అతను. మర్నాడు రొట్టె కూడా మానేసి పళ్ళు తెచ్చుకున్నాడు. వాసన పోలేదు. పాపం, సబ్బు మార్చాడు. పెళ్ళాంతో గొడవపడి చొక్కాలు మళ్ళీ ఉతికించాడు. ఇంతలో ఎక్కడినుంచో ఒక బూడిదరంగు పిల్లి మెట్లెక్కి వచ్చి, గదంతా వదిలేసి, సూటిగా కాజాలక్క స్టూలు కింద కూర్చుంది.

"పిల్లికి కూడా తెలుసక్కా, ఈ షాపులో ఎవరు పెద్దో" అన్నాడు ఇస్త్రీ అతను.

"దానికున్న తెలివి నీకు లేదని ఒప్పుకున్నావు, సంతోషం" అంది కాజాలక్క, చేతులు ఒళ్ళో దాచుకుని.

సరిగ్గా అప్పుడే పోస్టుమాన్ కోటు వచ్చింది. ఆయన పుట్టి బుద్ధెరిగాక కోటు తొడగలేదు. కూతురి పెళ్ళికని మీగడరంగు గుడ్డ ఏరి కొనుక్కుని, దాన్ని పసిబిడ్డలా రెండు చేతుల మీద మోసుకొచ్చాడు. "కాజాలక్కా, కాజాలు నువ్వే కుట్టాలి. మిషనువి వద్దు" అన్నాడు, మూలనున్న దుప్పటికేసి చూసి. కాజాలక్క మొహం చాటంతయింది. నొప్పి పళ్ళ కింద నొక్కిపెట్టి, రోజుకు కొంచెం కొంచెంగా కుట్టింది. మధ్యమధ్యలో వేళ్ళకు నూనె రుద్దుకుంటూ.

కోటు ఇస్త్రీకి వెళ్ళింది. వేడి తగలగానే నూనె తేలింది. ప్రతి కాజా చుట్టూ పసుప్పచ్చని మరక, ఎవరో కంటి చుట్టూ పసుపు పూసినట్టు. ఆవిరితో పాటు చేపల బజారంతా గదిలోకి లేచింది. పిల్లి బల్లెక్కింది.

"బాబోయ్, నేనేం చేయలేదు మాస్టారూ! నా పెట్టె శుభ్రంగా ఉంది!" అని అరిచాడు ఇస్త్రీ అతను.

తమ్ముడు కోటు ఎత్తి చూశాడు. మరకలు చూశాడు, అక్క వేళ్ళు చూశాడు.

"చేతులకేం రాస్తున్నావక్కా?"

"ఏం రాయట్లేదు."

"నొప్పి అంత ఎక్కువగా ఉందా?"

"నొప్పా? ఎవరికి?"

తమ్ముడు అరిచినా బాగుండేది, తిరిగి అరిచేది. వాడు మెల్లగా మూలకు వెళ్ళి, దుప్పటి తీసి మడతపెట్టాడు. "కొన్నాళ్ళు ఇంటి దగ్గర ఉండు. చేతులు కుదుటపడ్డాక చూద్దాం" అన్నాడు, మొహం చూడకుండా.

ఒక్క మాట చాలు. ఇది నొప్పి కాదురా, చేపనూనె, మింగలేక రాసుకున్నాను అంటే సరిపోయేది. ఆ మాట కూడా మాత్రలాగే గొంతులో అడ్డం పడింది. కాజాలక్క ఇనుప టోపీ తీసి కొంగున ముడేసుకుని, గుండీల డబ్బా చంకన పెట్టుకుని మెట్లు దిగింది. పిల్లి వెంట వచ్చింది.

కోడలు పనినుంచి వచ్చేసరికి ఆవిడ వంటగదిలో దీపం వేసుకోకుండా కూర్చుని ఉంది. గడప దగ్గర పిల్లి.

"ఇదెవరత్తయ్యా, కొత్త చుట్టం?"

"నన్ను ఉద్యోగంలోంచి తీసేశారు. అది సాగనంపడానికొచ్చింది."

కోడలు సంచీ దించి పక్కన కూర్చుంది. సంగతంతా విన్నది. మరకల మాట వచ్చినప్పుడు అత్తగారి చెయ్యి పట్టుకుని వాసన చూసింది. తర్వాత డబ్బా మూత తీసింది. గుండీల మధ్య నుంచి సూది గాటుపడ్డ తొక్కలు బయటపడ్డాయి.

"నాకు ఎప్పటినుంచో అనుమానమే. చేపనూనె మింగినవాళ్ళు త్రేనుస్తారు. మా షాపుకొచ్చే వాళ్ళందరి మొదటి ఫిర్యాదు అదే. మీరు ఇన్నాళ్ళలో ఒక్క త్రేన్పు త్రేన్చలేదు."

"నాది మర్యాదగల కడుపు."

"అత్తయ్యా."

కాజాలక్క గోడకేసి తిరిగింది. "దిగదే" అంది చివరికి. "గొంతు దిగదు. చిన్నప్పటినుంచీ అంతే. నవ్వుకుంటే నవ్వుకో, ఒక్కసారే నవ్వు. రోజూ నవ్వావంటే చూడు."

కోడలు నవ్వలేదు. "మా కౌంటరు దగ్గరికి ఒకాయన వస్తాడు, బస్తాలు మోస్తాడు, ఈ తలుపులోంచి పట్టడు. చుట్టూ ఎవరూ లేనప్పుడు చూసి, పసిపిల్లలకిచ్చే సిరప్పు ఉందా అని గుసగుసగా అడుగుతాడు. అలాంటివాళ్ళు ఎంతమందో. మీరు తల వెనక్కి వాలుస్తున్నారు కదా?"

"వెనక్కి వాల్చకపోతే ఎలా దిగుతుంది? బావిలో బొక్కెన దిగినట్టు దిగాలి కదా?"

"ఇది బొక్కెన కాదు, బెండు. నూనె కాబట్టి నీళ్ళలో తేలుతుంది. తల వెనక్కి పెడితే అది ముందుపళ్ళ దగ్గరే తేలుతూ కూర్చుంటుంది. తల ముందుకు వంచితే గొంతు వైపు తేలుతుంది. కాజా కుట్టేటప్పుడు ఎలా కూర్చుంటారో అలా కూర్చోండి. నీళ్ళు నోట్లో ఉంచుకుని, వంగి, మింగండి."

కాజాలక్క స్టూలు లాక్కుంది. క్యాప్సూలు నోట్లో వేసుకుని, ఒక గుక్క నీళ్ళు పట్టి, ఒళ్ళో కోటు ఉన్నట్టు వంగింది. కళ్ళు గట్టిగా మూసుకుంది. కోడలు వీపు మీద చెయ్యి ఆనించి ఉంచింది, గుద్దడానికి సిద్ధంగా. గుటక పడింది.

కాజాలక్క ఒక కన్ను తెరిచింది.

"ఏదీ?" అంది కాజాలక్క నాలుకతో బుగ్గలు వెతుక్కుంటూ. "పడిపోయిందా? కింద చూడవే."

"నోరు తెరవండి. లేదు. మింగేశారత్తయ్యా!"

"ఇంతేనా?" అంది. తర్వాత చాలా కోపం వచ్చింది. "ఇంతేనటే? ఈపాటి దానికి నా బతుకంతా వేపాకు రసం తాగానా!"

మర్నాడు షాపు తీయకముందే మెట్ల మీద కూర్చుని ఉంది. తమ్ముడు తాళం తీస్తుంటే వెనకాలే నిలబడి, ఇస్త్రీ అతను కూడా వచ్చేదాకా ఆగి, ఇద్దరూ వినేలా చెప్పింది. చేపనూనె సంగతి, సూది సంగతి, గొంతు సంగతి. చెప్తున్నంతసేపూ ఎవరినో తిడుతున్నట్టే చెప్పింది.

ఇస్త్రీ అతను తన చొక్కా వాసన చూసుకున్నాడు. "అంటే నా రొట్టె..." అన్నాడు.

"నీ రొట్టెకు క్షమాపణ చెప్పాననుకో."

తమ్ముడు మాత్రం చిన్నగా నవ్వాడు. "గొంతు సంగతి నాకు తెలుసులే అక్కా. నీ మాత్ర పంచదారలో కలిపి అమ్మ గూట్లో పెడితే, పంచదార కోసం చాటుగా నాకిందెవరు? చేదుకి ఏడ్చి దొరికిపోయింది నేనే కదా?"

"తెలిసీ ఇన్నేళ్ళూ నోరెత్తలేదా?"

"ఎత్తితే నువ్వు ఊరుకుంటావా?"

అది నిజమే. ఆవిడ కోటు బల్లమీద పరిచింది. బట్ట మీద గీతలు గీసే తెల్లసుద్దను కత్తితో గీకి పొడి చేసి, మరకల మీద మందంగా చల్లి, పైన కాగితం వేసి బరువు పెట్టింది. సుద్ద నూనె తాగాక దులిపి, మళ్ళీ చల్లింది. గుడ్డ మీద మరకలు పోయాయి. కాజాల పట్టుదారం మాత్రం నూనె వదల్లేదు. విప్పి మళ్ళీ కుట్టాలి. పెళ్ళి దగ్గర పడింది.

తమ్ముడు మిషను వైపు చూశాడు.

"పోస్టుమాన్‌కు మాటిచ్చాం" అంది కాజాలక్క. తమ్ముడు వేన్నీళ్ళు కాచి బేసినులో తెచ్చాడు. ఆవిడ చేతులు నానబెట్టుకుని, బంతి పిసికి, వేళ్ళు కాస్త సాగాక సూది పట్టుకుంది. దారం ఎక్కలేదు. ఇంకోసారి. కొస కంటికి కనబడుతూనే ఉంది, వేలు దాన్ని పట్టుకోలేకపోతోంది.

తమ్ముడు స్టూలు పక్కన నేలమీద కూర్చున్నాడు. సూది తీసుకుని, దారం ఎక్కించి, మైనం మీద లాగి, అందించాడు. అది అయిపోయేలోపు ఇంకోటి సిద్ధం చేశాడు. కటింగు బల్ల దగ్గర జనం ఆగారు. ఆగనీ అన్నాడు.

"మైనం ఎక్కువ పట్టించావు" అంది అక్క.

"సరే."

"ఇప్పుడు తక్కువైంది."

"సరే అక్కా."

పొద్దు వాలేసరికి కాజాలు అయ్యాయి. మునుపటంత సన్నగా లేవు. ముడులు కాస్త లావుగా, ఒకదాన్నొకటి ఆనుకుని కూర్చున్నాయి. ఆవిడకు నచ్చలేదు. తమ్ముడు గుండీ పెట్టి తీసి, పెట్టి తీసి, కోటును కిటికీకి తగిలించాడు. మిగిలిన వాసన గాలికి పోవాలి కదా. పిల్లి దాని కింద కూర్చుని రెండు రోజులు కాపలా కాసింది. పోస్టుమాన్ కోటు తొడుక్కుని అద్దం ముందు నిలబడి, కాజాలను వేలితో తడిమాడు. ఏదో అందామని నోరు తెరిచాడు.

అప్పుడే కాజాలక్క త్రేన్చింది. గది నిండా చేప.

"విన్నావురా? మింగాను!" అంది తమ్ముడితో, రాజ్యం గెలిచినట్టు.

నెలలు గడిచాక పొద్దుటి బిగువు కొంత సడలింది. వాపు పూర్తిగా పోలేదు గానీ ఎరుపు తగ్గింది. అది చేపనూనె గుణమా, వేన్నీళ్ళ గుణమా, బంతి గుణమా అని డాక్టరునే అడిగింది. "ఏది చేసిందో నేనూ చెప్పలేనమ్మా. మూడూ మానకండి" అన్నాడాయన. తెలియదని చెప్పే డాక్టరును మొదటిసారి చూశానని ఆవిడ మెచ్చుకుంది. మెచ్చుకోవడం కూడా తిట్టినట్టే ఉంటుంది కాబట్టి ఆయనకు అర్థమైందో లేదో.

షాపులో పనిని ఆవిడే పంచింది. ఎవరూ అడక్కముందే. "చొక్కాలు దొరసానికి ఇవ్వు. కోట్లు నా దగ్గరికి తే. ఆడవాళ్ళం మేమూ మేమూ చూసుకుంటాం" అంది తమ్ముడితో. దుప్పటి తీసుకెళ్ళి పిల్లికి పరిచింది.

ఇప్పుడు పొద్దున్నే ఇంట్లో స్టూలు మీద వంగి గుటక వేస్తుంది, కోడలు నోరు తెరిపించి చూస్తుంది. షాపుకు రాగానే మొదట మిషను దగ్గరికి వెళ్ళి, నూనెడబ్బా ముక్కు పెట్టి, కదిలే ప్రతి చోటా ఒక్కో చుక్క వేసి, చక్రం చేత్తో తిప్పి వింటుంది.

"దీనికి మాత్రం కీళ్ళలోనే పోయాలి" అంటుంది ఇస్త్రీ అతనితో, అతనికేదో తెలియనట్టు. "నోరు లేదు కదా పాపం."